రొయ్యల చెరువు బోర్డులకు ఆవిరి పూత: ముందు కడుగు, తర్వాత పూత

ప్రశ్న ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకు అర్థం కావాలి కదా. అడిగినతను పర్లాకిమిడి కుర్రాడు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. వాళ్ల మావయ్యకు ఛత్రపురం అవతల, సముద్రానికి దగ్గర్లో రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లను నడిపే కంట్రోల్ బోర్డులు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు బోర్డులు ఆరు నెలలు తిరక్కుండానే పచ్చగా చిలుము పట్టి పోతున్నాయట. బజార్లో దొరికే లక్కర్ స్ప్రే కొట్టి చూశారు, పొట్టు పొట్టుగా లేచిపోయింది. ఇప్పుడు ఆవిరితో పాలిమర్ పూత వేసే సీవీడీ (కెమికల్ వేపర్ డిపోజిషన్) గురించి చదివి, బోర్డుల ఫొటోలు కూడా పెట్టి మూడు సంగతులు అడుగుతున్నాడు. పారిలీన్ అనే పాలిమర్ పూత వేయించాలా, ఐసీవీడీ (ఇనీషియేటెడ్ సీవీడీ) అనే ఇంకో ఆవిరి పద్ధతి నయమా? ఏసీ మెకానిక్ దగ్గర పాత వాక్యూమ్ పంపు దొరికింది, దాంతో కాలేజీ ల్యాబులో సొంతంగా కట్టుకోవచ్చా? నానో నిర్మాణాలు పెంచి తామరాకులా నీళ్లు అంటకుండా చేస్తే ఈ బాధ తీరిపోతుందా?

తమ్ముడూ, మాది రాయగడ. బెంగళూరులో పారిలీన్ పూతలు వేసే చోట 11 ఏళ్లు, ఆ తర్వాత ఒక పరిశోధన ల్యాబులో ఐసీవీడీ యంత్రం మీద 6 ఏళ్లు పనిచేసి ఇంటికొచ్చాను. నీకంటే బాగా పెద్దవాణ్ని కాబట్టి 'నువ్వు' అంటున్నాను, ఏమనుకోకు.

ముందు జవాబు చెప్పేస్తాను. మావయ్య బోర్డులకు పారిలీన్ వేయించండి, కానీ బయట జాబ్ వర్కుకి ఇచ్చి. సొంతంగా కట్టొద్దు. ఐసీవీడీ నీ ప్రాజెక్టుకి పనికొస్తుంది, అది కట్టు. తామరాకు ఆలోచన చెరువు గట్టు మీద నిలవదు. ఈ మూడింటికీ కారణం ఒక్కటే: ఆవిరి పూతలో పెత్తనం యంత్రానిది కాదు, పూత పడే ఉపరితలానిది. అది ఎంత చల్లగా ఉంది, ఎంత శుభ్రంగా ఉంది, దేన్ని పట్టుకుంటుంది, వీటి మీదే అంతా నడుస్తుంది.

మా నాయనమ్మ కాటుక పట్టేది. ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లిస్తే తెల్లారేసరికి అడుగున నల్లగా పేరుకునేది. సీవీడీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే చాలామంది ఇదే ఉదాహరణ చెప్తారు. నేనూ చాలాకాలం ఇదే చెప్పాను. అది తప్పు. కాటుకలో మసి రేణువు మంటలోనే పుడుతుంది, పళ్లేనికి ఊరికే అంటుకుంటుంది. అందుకే వేలితో రాస్తే వచ్చేస్తుంది. మన పనిలో చిన్న అణువులు ఆవిరిగా వచ్చి, పళ్లెం మీద వాలి, అక్కడే ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు అల్లుకోవాలి. గాలిలో ఉండగానే అల్లుకుంటే పొడి రాలుతుంది, పూత పాలలా తెల్లబారుతుంది. పారిలీన్ యంత్రంలో తొందరపడి ఆవిరి ఎక్కువ వదిలితే ఇదే జరుగుతుంది. పొగచూరినట్టున్న పూత వచ్చిందంటే 'ఎక్కడో కాటుక పట్టాం' అని మా వాళ్లు నవ్వుకునేవారు.

పారిలీన్ సంగతి చూద్దాం. 1947లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ ష్వార్జ్ పారాజైలీన్‌ను బాగా వేడిచేసి చూస్తుంటే గొట్టం చివర పల్చటి పొర దొరికింది. దాన్ని పనికొచ్చే పద్ధతిగా మార్చింది యూనియన్ కార్బైడ్‌లో పనిచేసిన విలియం గోర్హమ్, 1960లలో. ఆయన చేసిన తేడా ఏమిటంటే, పారాజైలీన్‌తో కాకుండా రెండు అణువులు జంటగా ముడిపడ్డ డైమర్ పొడితో మొదలుపెట్టాడు. డైమర్ తెల్లటి పొడి. ట్రంకు పెట్టెలో వేసే కలరా ఉండలు కరక్కుండానే ఆవిరై తగ్గిపోతాయి చూశావా, అలా ఇది వాక్యూమ్‌లో 150 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. ఆ ఆవిరి 680 డిగ్రీల కొలిమిలోంచి వెళ్లేటప్పుడు జంట విడిపోతుంది. విడిపోయిన ముక్కలు గది ఉష్ణోగ్రతలో ఉన్న చాంబర్‌లోకి వచ్చి, తగిలిన చోటల్లా వాలి గొలుసులు కడతాయి. చాంబర్‌లో పీడనం 0.1 టార్ దగ్గర ఉంటుంది. బయట గాలి పీడనం 760 టార్. ద్రావకం లేదు, కాల్చి గట్టిపరచడం లేదు. ద్రవం కాదు కాబట్టి మూలల్లో పల్చబడటం, చిప్పు కింద గుంటలో పేరుకోవడం లేదు. ఒక అణువు తగిలిన మొదటి చోటే అంటుకోదు, వేల సార్లు తగిలి తగిలి ఎక్కడో ఒకచోట కుదురుకుంటుంది. అందుకే చిప్పు కాళ్ల వెనక, కింద, సందులో అంతటా ఒకే మందంలో పడుతుంది. స్ప్రే ఎదురుగా కనిపించిన చోటే పడుతుంది, ఇది గాలి వెళ్లే చోటల్లా పడుతుంది.

గాలి వెళ్లే చోటల్లా అన్నాను కదా, చిక్కంతా అక్కడే. కనెక్టరు పిన్నుల మీద పడుతుంది. మూతలేని రిలే లోపల కాంటాక్టుల మీద పడి అది మళ్లీ క్లిక్కుమనదు. నీ మీటరులో ఆక్సిజన్ కొలిచే పొర మీద పడితే ఆ ప్రోబ్ చెత్తబుట్టకే. తేమ సెన్సరుదీ అదే గతి. పైగా పడ్డాక మామూలు ద్రావకాల్లో కరగదు, గీకాలి లేదా ఆక్సిజన్ ప్లాస్మాతో కాల్చాలి. అందుకే పూతకు ఇచ్చే ముందు ఏయే చోట్ల పడకూడదో బోర్డు ఫొటో మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో గుర్తులు పెట్టి ఇవ్వు. 'మీకు తెలుసు కదా' అని వదిలేస్తే వాళ్లు వాళ్లకు తోచినట్టు మూస్తారు. మా చోట ఒక పెద్ద ఆర్డరులో సగం రోజు మాస్కింగ్‌కే పోయేది. టేపు, రబ్బరు బొడిపెలు, ఊడదీసే లేటెక్స్, వీటితో నలుగురు కూర్చుని ఒక్కో పిన్ను మూసేవారు. పూత బిల్లులో నువ్వు కట్టేది ఎక్కువగా ఈ చేతిపనికే.

మందం లెక్క చేత్తోనే వేసుకోవచ్చు. పారిలీన్ సి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.29 గ్రాములు. ఒక చదరపు మీటరు మీద ఒక మైక్రాన్ అంటే సరిగ్గా ఒక ఘన సెంటీమీటరు. కాబట్టి 10 మైక్రాన్లకు 12.9 గ్రాములు, అదీ గింజ వృథా కాకుండా. చాంబర్ గోడలు, బోర్డులు పెట్టే అరలు, అన్నీ ఆ చదరపు మీటర్లలోకే వస్తాయి. పెద్ద యంత్రంలో రెండే బోర్డులు పెడితే డైమర్ అంతా గోడలకు పోతుంది. అందుకే జాబ్ వర్కువాళ్లు రెండు బోర్డులంటే మొహం తిప్పుకుంటారు. చుట్టుపక్కల రైతుల బోర్డులు కూడా పోగేసుకుని ఒకేసారి ఇవ్వు.

రకాల గురించి ఎక్కువ ఆలోచించకు. ఉప్పుగాలికి సి రకం చాలు. దాని బెంజీన్ వలయానికి ఒక క్లోరిన్ తగిలించి ఉంటుంది, నీటి ఆవిరిని క్లోరిన్ లేని ఎన్ రకం కన్నా బాగా ఆపుతుంది. ఒక్క జాగ్రత్త: ఎండకు పచ్చబడి పెళుసెక్కుతుంది. పెట్టె మూత పారదర్శకంగా ఉంటే మార్చండి.

ఇప్పుడు కడగడం. నీ ప్రశ్నలో ఈ మాటే లేదు, అందుకే దీని మీద కాసేపు నిలబడతాను.

నేను చేరిన రెండో ఏడు, ఒక పంపుల కంపెనీవాళ్లు బోర్డులు పంపారు. సోల్డర్ బాగా అతకడానికి రాసే ఫ్లక్స్ బోర్డు మీద తేనెరంగులో అక్కడక్కడా మిగిలి ఉంది. 'నో క్లీన్ ఫ్లక్స్, కడగక్కర్లేదు' అని కాగితం మీద రాసిచ్చారు. షిఫ్టు ఇన్‌చార్జ్ నేనే. కడగలేదు. పారిలీన్ అద్దంలా పడింది, అందరం చూసి మురిసిపోయాం. మూడు నెలలకు బోర్డులు తిరిగొచ్చాయి. పూత కింద పొక్కులు. ఒక పొక్కును సూదితో పొడిస్తే నీటిబొట్టు వచ్చింది. లోపల రాగి గీత పచ్చగా తినేసి ఉంది. పూత ఎక్కడా చిరగలేదు. మరి నీరెలా వచ్చింది?

ఏ పాలిమరూ నీటి ఆవిరిని పూర్తిగా ఆపదు. అణువులుగా కొద్దికొద్దిగా లోపలికి వెళ్తూనే ఉంటుంది. పూత బోర్డుకు గట్టిగా అంటి ఉంటే ఆ వచ్చిన ఆవిరికి నీరుగా కూడుకోవడానికి చోటుండదు, మళ్లీ బయటికే పోతుంది. కింద ఉప్పు రవ్వంత ఉన్నా కథ మారిపోతుంది. వానాకాలం ఇంట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లుతుంది చూశావు కదా. మామూలు ఉప్పు గాలిలో తేమ 75% దాటితే నీటిని లాక్కుని తనే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33% చాలు. గంజాం తీరంలో రాత్రిపూట తేమ ఎంతుంటుందో నీకు వేరే చెప్పాలా. అంటే పూత కింద ఉప్పు రేణువు ఒక చిన్న పంపు. అది నీటిని లోపలికి లాగుతుంది, పూతను పైకి లేపుతుంది. మీ లక్కర్ పొట్టు పొట్టుగా లేచింది లక్కర్ మంచిది కాకనే అనుకుంటున్నారు. చెరువు గట్టు మీద నెలలు వాడిన బోర్డునే తుడిచి కొట్టారా? అలాగైతే ఉప్పు మీద కొట్టారు.

కడిగే తీరు ఇది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్షుతో ఫ్లక్స్ పోయేదాకా. తర్వాత బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి కదిపి, ఆ నీళ్లలో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపించేది) పెట్టు. చెరువుల దగ్గర మీటరు ఎలాగూ ఉంటుంది. అంకె పెరిగితే నీళ్లు మార్చి మళ్లీ ముంచు. ముంచకముందు ఎంతుందో ముంచి తీశాకా అంతే చూపించేదాకా. కుళాయి నీళ్లతో ఆఖరి కడుగు కడిగితే చేసిందంతా దండగ. తర్వాత 70 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఆరబెట్టు. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకు, చెమటలో ఉన్నదీ ఉప్పే. పారిలీన్‌కు ఇంకో మెట్టుంది. అది ఏ ఉపరితలాన్నీ తనంతట తాను గట్టిగా పట్టుకోదు, మధ్యవర్తి కావాలి. ఏ-174 అనే సైలేన్‌ను నూరు పాళ్లు ఆల్కహాల్, నూరు పాళ్లు నీరు, ఒక పాలు సైలేన్‌గా కలిపి బోర్డు ముంచి తీస్తారు. జాబ్ వర్కువాళ్లను 'సైలేన్ వేస్తున్నారా' అని అడుగు. దానికి ఎవరైనా తడబడితే ఇంకో చోటు చూసుకో.

ఇక నీకు నిజంగా ఆసక్తి ఉన్నది, ఐసీవీడీ. పారిలీన్‌లో నీ చేతిలో ఉన్న ఎంపిక తక్కువ, డైమర్ ఏదైతే పూత అదే. ఐసీవీడీలో అక్రిలేట్, మెథాక్రిలేట్, వినైల్ రకాల్లో ఆవిరయ్యేది దాదాపు ఏదైనా వాడొచ్చు. ఎంఐటీలో కరెన్ గ్లీసన్ బృందం దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది. మోనోమర్ (గొలుసులో ఒక్కో కొక్కెం అయ్యే చిన్న అణువు) ఆవిరి, గొలుసును మొదలుపెట్టే పెరాక్సైడ్ ఆవిరి కలిపి చాంబర్‌లోకి వదులుతాం. పైన వేడి తీగలు, కింద పూత పడాల్సిన ముక్కను పెట్టే చల్లటి పీట. డైటెర్షియరీ బ్యూటైల్ పెరాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్ల మధ్య బంధం బలహీనం, మోలుకు 160 కిలోజౌళ్ల చుట్టూ ఉంటుంది. కార్బన్ కార్బన్ బంధం 350 చుట్టూ. తీగను 200 నుంచి 250 డిగ్రీలకు వేడి చేస్తే బలహీనమైన బంధమే తెగుతుంది, మోనోమర్‌కు దెబ్బ తగలదు. ప్లాస్మాతో చేస్తే దొరికిందల్లా విరిగిపోతుంది, ఎపాక్సీ వలయమో హైడ్రాక్సిల్ గుంపో కావాలనుకుని పెట్టుకున్నది కూడా. 'ఫంక్షనల్' పూత అంటారే, ఆ ఫంక్షన్ బతికి బయటపడేది ఇక్కడ. గ్లైసిడైల్ మెథాక్రిలేట్ వేశావనుకో, పూత మీద ఎపాక్సీ వలయాలు అలాగే నిలిచి ఉంటాయి. తర్వాత వాటికి ఒక ఎమీన్‌నో ప్రొటీన్‌నో తగిలించుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఒకటుంది. మోనోమర్ పాక్షిక పీడనాన్ని, పీట ఉష్ణోగ్రత దగ్గర దాని సంతృప్త పీడనంతో భాగించాలి. పుస్తకంలో దీన్ని చూసి భయపడకు, ఇది నీకు తెలిసిన తేమ శాతమే, నీటికి బదులు మోనోమర్‌కు. నీళ్లతోనే లెక్క వేసి చూడు. 30 డిగ్రీల దగ్గర నీటి సంతృప్త పీడనం 31.8 టార్. గాలిలో తేమ 60% అంటే 19.1 టార్. ఆ గాలిలో 25 డిగ్రీల చెంబు పెడితే, అక్కడ సంతృప్తం 23.8 కాబట్టి, చెంబు దృష్టిలో తేమ 80%. 20 డిగ్రీల చెంబు పెడితే సంతృప్తం 17.5, అంటే 109%. చెంబుకు చెమట పట్టింది. గాలి మారలేదు, పీట ఐదు డిగ్రీలు మారింది, అంతే.

ఐసీవీడీలో ఆ భాగఫలం 0.1 కంటే తక్కువైతే పూత పడటానికి పొద్దు గూకుతుంది, ఉపరితలం మీద వాలే మోనోమర్ చాలదు. 1 దగ్గరికొస్తే చెంబు చెమటలా బొట్లు కడుతుంది, ఎండాక చూస్తే మరకలు. 0.4 దగ్గర మొదలుపెట్టు. సన్నటి సందుల్లోకి సమంగా వెళ్లాలంటే ఇంకా తగ్గించు, ఓపిక పట్టు. దీన్నుంచి ఇంకో విడ్డూరం కూడా అర్థమవుతుంది: మామూలు రసాయన చర్యలకు భిన్నంగా ఇక్కడ పీట చల్లబడేకొద్దీ పూత వేగంగా పెరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు పూత రావడం లేదని పీట వేడి పెంచేవారు, ఇంకా రాకుండా పోయేది. పీట కింద నీళ్లు తిరిగే చిల్లర్ ఒకటి, వేడి అంటించే పేస్టు, సరైన థర్మోకపుల్, వీటి మీద డబ్బు పెట్టు. పెద్ద చాంబర్ మీద కాదు.

ఏసీ మెకానిక్ పంపు గురించి. రోటరీ వేన్ రెండు మెట్లది అయితే పనికొస్తుంది, మనకు కావలసింది 0.1 నుంచి 0.5 టార్ మధ్యే. పంపు కన్నా లీకు పరీక్ష ముఖ్యం. చాంబర్ ఖాళీ చేసి, పంపు వాల్వు మూసి, గేజ్ ముందు గడియారం పెట్టుకుని కూర్చో. చాంబర్ 10 లీటర్లు, ఒక నిమిషంలో పీడనం 20 మిల్లీటార్ పెరిగిందనుకుందాం. సెకనుకు 0.0033 టార్ లీటరు, అంటే నిమిషానికి దాదాపు 0.26 ప్రామాణిక ఘన సెంటీమీటర్ల గాలి లోపలికి దూరుతోంది. వినడానికి చిన్నదే. కానీ నువ్వు వదిలే మోనోమరే నిమిషానికి 0.5 ఉంటుంది! సగం గాలి కలిసిన మోనోమర్‌తో ఏం చేస్తావు. పైగా గాలిలోని ఆక్సిజన్ రాడికల్స్‌ను (పెరాక్సైడ్ తెగి వచ్చిన చురుకైన ముక్కల్ని) పట్టి మింగేస్తుంది, గొలుసు మొదలవకుండానే ఆగిపోతుంది. 'పూత పడటం లేదు సార్' అని వచ్చే పదిమందిలో ఎనిమిదిమందికి నేను చెప్పేది, ముందు ఓ-రింగు (మూత సందు మూసే రబ్బరు చుట్ట) తీసి తుడవమని. ఇదే పరీక్షతో మోనోమర్ ప్రవాహం కూడా కొలవొచ్చు: లీకు అంకె తెలిశాక, మోనోమర్ వాల్వు ఒక్కటే తెరిచి పీడనం ఎంత వేగంగా పెరుగుతోందో చూసి అందులోంచి లీకు తీసెయ్. ఖరీదైన ఫ్లో కంట్రోలర్ లేకుండా నెలల తరబడి అలాగే నడిపాం. గేజ్ మాత్రం పిరానీ వాడకు. అది గాలికి లెక్కగట్టి తయారుచేసింది, మోనోమర్ ఆవిరికి తప్పుడు అంకె చూపిస్తుంది. కెపాసిటెన్స్ మానోమీటర్ పాతదైనా వెతికి సంపాదించు.

మన ప్రాంతానికే ఉన్న తలనొప్పులు రెండు. ఒకటి, ఆగస్టులో చాంబర్ మూత తెరిస్తే చాలు గోడలు తేమ పీల్చుకుంటాయి, మళ్లీ ఖాళీ చేయడానికి గంటలు పడుతుంది. గోడలకు వేడి పట్టీ చుట్టు, మూత తెరిచి పెట్టి టీకి వెళ్లకు. రెండోది కరెంటు. పని మధ్యలో కరెంటు పోతే పంపు ఆగి, దాని నూనె వాక్యూమ్ వైపు వెనక్కి ఎగదన్నుతుంది. ఒకసారి పిడుగుల వానలో అలా చాంబర్ అంతా నూనె పొర పట్టి, శుభ్రం చేయడానికి నాలుగు రోజులు పట్టింది. వెనక్కి రానివ్వని వాల్వు పెట్టు, తీగలకు కరెంటు పంపు ఆగగానే కట్ అయ్యేలా రిలే పెట్టు. పెరాక్సైడ్ సులువుగా అంటుకుంటుంది, వేడి తగలనీయకు, ల్యాబులో కావలసినంతే ఉంచు. పంపు పొగ గొట్టం కిటికీలోంచి కాదు, ఫ్యూమ్ హుడ్‌లోకే.

మోనోమర్ ఆవిరి పంపులోకి పోకుండా పట్టుకోవడానికి పంపుకు ముందు చల్లటి ట్రాప్ కావాలి. ద్రవ నైట్రోజన్ పశువుల ఆసుపత్రిలో దొరుకుతుందని నీకు ఎవరో ఒకరు చెప్తారు. ఎద్దుల వీర్యం నిల్వకు వాళ్లు వాడతారు, నిజమే. కానీ ద్రవ నైట్రోజన్ ట్రాప్ పెట్టి ఉండగా పంపు ఆగో, పెద్ద లీకు పడో లోపలికి గాలి నిండితే దానిలోని ఆక్సిజన్ ద్రవమై ట్రాప్‌లో చేరుతుంది, అక్కడ మోనోమర్ కూడా ఉంటుంది. ఆ రెండూ కలిసి వేడెక్కితే పేలుతుంది. పొడి మంచు, ఆల్కహాల్ కలిపితే మైనస్ 78 డిగ్రీలు వస్తుంది. అది చాలు, అదే వాడు.

తామరాకు గురించి. మీ పెరట్లో చామాకు మీద నీళ్లు చల్లి చూడు, ముత్యాల్లా దొర్లుతాయి. ఆ ఆకును బిందెలో రాత్రంతా ముంచి ఉంచి మళ్లీ చూడు. గరుకు సందుల్లో ఇరుక్కున్న గాలి మెల్లగా నీటిలో కరిగిపోతే ఆ మెరుపు పోతుంది. పైగా ఆవిరికి ఈ గరుకుతనంతో పని లేదు, అది అణువులుగా వస్తుంది. చుక్క జారిపోవడం వేరు, తేమ ఆగడం వేరు. చదునైన ఫ్లోరినేటెడ్ అక్రిలేట్ పూత మీద నీటి చుక్క 120 డిగ్రీల కోణంలో నిలబడుతుంది, గరుకు మీద 150 దాటుతుంది. ఫొటోకి అందంగా ఉంటుంది. చెరువు గట్టు మీద దుమ్ము, నూనె, రొయ్యల మేత పొడి ఒక వారం పడితే ఆ గరుకంతా పూడుకుపోతుంది. ఇంకొకటి, ఆ కోణాలు ఇచ్చేవి ఎనిమిది కార్బన్ల ఫ్లోరిన్ తోకలు. వాటి బంధువు పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని 2019లో, ప్రకృతిలో నశించని విష రసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు, ప్రకృతిలో విచ్ఛిన్నం కాదని. తినే రొయ్యల చెరువు పక్కన అలాంటిది నేనైతే పెట్టను.

నీ ప్రాజెక్టుకు నానో కావాలంటే మంచి దారి వేరే ఉంది, అదీ మన మట్టి లోంచే. మన ఒడిశాలోని దామంజోడిలో బాక్సైటు నుంచి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) తీస్తారని మనందరికీ తెలుసు. అల్యూమినియం రేకును ఆమ్లంలో కరెంటు పెట్టి ఆక్సీకరిస్తే దాని మీద పెరిగే అల్యూమినా పొరలో తేనెపట్టులా నిలువు రంధ్రాలు వస్తాయి. 0.3 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం, 40 వోల్టులు, మంచు నీళ్ల చల్లదనం, ఇవి ఉంటే రంధ్రానికీ రంధ్రానికీ దూరం 100 నానోమీటర్ల దగ్గర వస్తుంది. ఒకసారి పెంచి, ఆ పొర కరిగించేసి, రెండోసారి పెంచితే వరస బాగా కుదురుతుందని 1996లో జపాన్‌కు చెందిన మసుదా, సాతో చూపించారు. వంటింటి ఫాయిల్ వాడకు, అందులో మలినాలు ఎక్కువ, 99.99% రేకు కొను. ఆ రంధ్రాల గోడలకు ఐసీవీడీతో పల్చటి పాలిమర్ వేసి, తర్వాత అల్యూమినాను కరిగించేస్తే పాలిమర్ నానో గొట్టాలు మిగులుతాయి. భాగఫలం 0.4 ఉంచితే రంధ్రం మూతి ముందే మూసుకుపోవచ్చు, బాగా తగ్గించు. కరిగించే ద్రవం ఎంచుకునేటప్పుడు పాలిమర్ ఏమిటో గుర్తుంచుకో: కాస్టిక్ సోడా ఎస్టర్లను తినొచ్చు, ఫాస్ఫారిక్ ఆమ్లం ఎపాక్సీ వలయాలను తెరవొచ్చు. మేం మొదటిసారి ఎపాక్సీ గొట్టాలు చేసి, ఆమ్లంలో రాత్రంతా వదిలి, తెల్లారి ఎపాక్సీ ఏదని వెతుక్కున్నాం.

ఇంకా అందమైన పద్ధతి ఒకటుంది, చదివి ఆనందించడానికి చెప్తున్నాను. మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి యార్గ్ లాహన్ బృందం 2018లో, పారిలీన్ బంధువుల ఆవిరిని పల్చటి లిక్విడ్ క్రిస్టల్ పొరలోకి పంపింది. క్రిస్టల్ అణువులు ఏ వరసలో నిలబడ్డాయో ఆ వరసలోనే నానో పోగులు పెరిగాయి. తర్వాత క్రిస్టల్‌ను కడిగేస్తే పోగులే మిగిలాయి. మన బరంపురం పట్టు మగ్గం మీద పడుగు ఎలా సాగితే నేత అలా వస్తుంది చూశావా, ఆ పడుగు ఇక్కడ ద్రవం.

యంత్రం కట్టడం కుదరకపోతే బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబై ఐఐటీ లాంటి చోట్ల బయటి విద్యార్థులకు నానో ల్యాబులు వాడుకోనిచ్చే ఐఎన్‌యూపీ పథకం ఉంది, మీ గైడు సంతకంతో దరఖాస్తు పెట్టు. మందం కొలవడానికి మాత్రం పెద్ద పరికరం అక్కర్లేదు. సిలికాన్ ముక్క మీద 633 నానోమీటర్ల ఎర్ర లేజర్ నిటారుగా వేసి, తిరిగొచ్చే వెలుగు ఒకసారి పెరిగి తగ్గి మళ్లీ పెరిగితే, వక్రీభవన గుణకం 1.5 ఉన్న పూత 211 నానోమీటర్లు పెరిగినట్టు. లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు, నాకు ఆ పని చాలా ఇష్టం.

బోర్డులన్నీ ఒకేసారి ఇచ్చే ముందు నాలుగు చిన్న ముక్కలతో పరీక్ష చెయ్. దువ్వెన పళ్లలా రెండు రాగి గీతలున్న ముక్కలు: ఒకటి కడిగి పూత వేసింది, ఒకటి కడక్కుండా వేసింది, ఒకటి కడిగి వదిలేసింది, ఒకటి మీ పాత లక్కర్‌ది. 35 డిగ్రీల దగ్గర 5% ఉప్పునీటి తుంపరలో పెట్టి రోజూ గీతల మధ్య రెసిస్టెన్స్ కొలువు. మావయ్యకు కాగితం మీద లెక్కలు చూపిస్తే నమ్మడు, ఈ నాలుగు ముక్కలు చేతిలో పెడితే నమ్ముతాడు.

ఆఖరుగా, నువ్వు పెట్టిన మూడో ఫొటో. పెట్టె లోపల బోర్డు అంతా కాస్త శుభ్రంగానే ఉంది, చిలుము మాత్రం ప్రోబ్ తీగ వచ్చి కలిసే టెర్మినల్ చుట్టూనే ఉంది. నాకు అనుమానం. ఆ తీగ తొక్కను టెర్మినల్ దగ్గర రెండు అంగుళాలు ఒలిచి చూడు. లోపల రాగి పోగులు నల్లగానో పచ్చగానో ఉంటే, నీళ్లు పెట్టె సందుల్లోంచి రావడం లేదు. ప్రోబ్ చివర్నుంచి పోగుల మధ్య సందుల్లో, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు, ఎక్కి వస్తున్నాయి. అప్పుడు పారిలీన్ వేయించినా టెర్మినల్ దగ్గర చిలుము ఆగదు. తీగ మార్చి, ప్రోబ్ చివర పోగులన్నీ ఒక అంగుళం మేర సోల్డర్‌తో నింపి, దాని మీద ఎపాక్సీ పోయాలి. ఒలిచి, ఫొటో తీసి ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను.